చిన్నవాడి పుట్టినరోజుకు అన్నదానం ఎందుకు వద్దన్నానంటే

రాజమహేంద్రవరం,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. మొన్న ఫోనులో నేను "వద్దు" అన్నాను, నువ్వు "సరే నాన్నా" అని పెట్టేశావు. ఆ "సరే" ఎలాంటిదో నాకు తెలుసు, నీ పదో తరగతి నుంచీ వింటున్నాను. అప్పటి నుంచి మీ అమ్మ కూడా నాతో ముక్తసరిగానే మాట్లాడుతోంది. "బిడ్డ నలుగురికి అన్నం పెడతానంటే అడ్డం పడే తండ్రిని ఎక్కడా చూడలేదు" అని నాకు వినిపించేటట్టు తులసికోటకు చెప్పుకుంది. అందుకని ఈ ఉత్తరం. ముప్పై ఎనిమిదేళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్నవాడికి నోటి కంటే కలం నయం.

నువ్వు అడిగింది నాకు బాగానే గుర్తుంది. చిన్నవాడి అయిదో పుట్టినరోజుకు నేను సాయానికి వెళ్ళే ఇల్లు లేనివాళ్ళ షెల్టరులో అందరికీ భోజనం, గోడకు వాడి బొమ్మతో ఒక ఫ్లెక్సీ, వడ్డిస్తుంటే మీరు బెంగళూరు నుంచి వీడియోలో చూడటం. అందులో తప్పేముంది అన్నావు. తప్పని నేను అనలేదు. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే నాలుగేళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్పాలి. అది ఇంతవరకూ నీకు చెప్పలేదు. కాస్త ఓపిక పట్టు, అక్కడికి వస్తాను. ఎప్పుడో ఒకసారి వచ్చి గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడి వెళ్ళావు, కాబట్టి ముందు ఆ చోటు ఎలాంటిదో తెలియాలి.

బోర్డు మీద "పట్టణ నిరాశ్రయుల వసతి గృహం" అని ఉంటుంది. ఆ మాట ఎవరూ అనరు. ఆటోవాళ్ళు షెల్టరు అంటారు. అక్కడ పడుకునే పెద్దవాళ్ళు సత్రం అంటారు. నాకు సత్రమే నచ్చుతుంది. సత్రంలో దిగినవాణ్ణి ఏ ఊరు, భోజనం చేశావా అని అడుగుతారు తప్ప ఎందుకిలా అయ్యావని అడగరు. స్టేషను నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరం. మగవాళ్ళకు కింద హాలు, ఆడవాళ్ళకు పైన రెండు గదులు, వెనక కుళాయిలు, మరుగుదొడ్లు, ఒక వంటగది. మూడు షిఫ్టుల్లో ముగ్గురు కేర్‌టేకర్లు.

ఇవి ఎవరి దయతోనో వచ్చినవి కావు. ఢిల్లీలో చలికి రోడ్డు మీద మనుషులు చనిపోతున్నారని 2010 జనవరిలో సుప్రీంకోర్టు దృష్టికి వెళ్ళింది. అప్పటికే నడుస్తున్న ఆహార హక్కు కేసులోనే కోర్టు ఈ సంగతీ పట్టించుకుంది. తిండి లేనివాడు చలికి త్వరగా పోతాడన్నది అక్కడి తర్కం. ఆ తర్వాత 2013లో పట్టణ జీవనోపాధి మిషన్ వచ్చినప్పుడు నిబంధన రాసుకున్నారు. లక్ష జనాభాకు కనీసం వందమంది పట్టే శాశ్వత షెల్టరు ఒకటి ఉండాలి, అది ఏడాది పొడుగునా రాత్రింబవళ్ళు తెరిచి ఉండాలి, మనిషికి కనీసం యాభై చదరపు అడుగుల చోటు ఇవ్వాలి. యాభై చదరపు అడుగులంటే ఎంతో తెలుసా? పోస్టాఫీసులో నా కౌంటరు, నా కుర్చీ, వెనక ఇనప్పెట్టె కలిపితే అంత. నేను జీతం తీసుకుని కూర్చున్నంత మేర ఒకాయనకు ఇల్లు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షలని తేలింది. వాళ్ళను లెక్కించడానికి ఫిబ్రవరి 28 ఒక్క రాత్రి కేటాయించారు. ఒక్క రాత్రిలో ఎంతమంది దొరుకుతారు? కొట్టు షట్టరు ముందు పదకొండింటికి పడుకుని తెల్లవారుజామున నాలుగింటికే లేచిపోయే మనిషిని పట్టుకోవాలంటే ముందు ఆ షట్టరు ఏదో తెలియాలి. ఆ సంగతి లెక్కలవాళ్ళకు తెలియదు, టీ కొట్టువాడికి తెలుసు.

నువ్వు అనుకునేటట్టు అక్కడున్నవారందరూ అడుక్కునేవాళ్ళు కారు. సగానికి పైగా పగలు పనికి వెళ్ళేవాళ్ళే. మార్కెట్టులో బస్తాలు మోసేవాళ్ళు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్ళు, పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళు, రాత్రి కాపలా కాసి పగలు నిద్రపోయేవాళ్ళు. పెద్దాసుపత్రిలో మనిషిని చేర్చి, బయట పడుకునే చోటు లేక వచ్చేవాళ్ళు కొందరు. తల్లిని గోదావరి స్నానానికి తీసుకువచ్చి రేవులో కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తాను" అని వెళ్ళిన కొడుకులు కూడా ఉన్నారు. ఆ తల్లులు షెల్టరుకు రావడానికి ఒప్పుకోరు. "అబ్బాయి వస్తే నేను కనబడకపోతే కంగారు పడతాడు" అంటారు. ఒకామెను తీసుకురావడానికి మాకు మూడు రోజులు పట్టింది. చివరికి రేవు మెట్ల దగ్గర పూలమ్మే ఆమె, "మీ అబ్బాయి వస్తే నేను చెబుతానమ్మా, నేను రోజూ ఇక్కడే ఉంటాను" అని మాట ఇస్తే లేచింది. పూలమ్మే ఆమె నోటి మాట మీద వచ్చింది, మా ఎవరి మాట మీదా కాదు.

ఇప్పుడు అన్నం సంగతి. మా సత్రానికి సొంత పంచాంగం ఒకటి ఉంది. కార్తీకంలో పులిహోర, దధ్యోజనం. డిసెంబరులో చర్చివాళ్ళ కేకులు, దుప్పట్లు. రంజాను నెలలో మసీదు నుంచి సాయంత్రం పళ్ళు, రాత్రి పలావు. నాయకుల పుట్టినరోజులకు బిర్యానీ పొట్లాలు. ఇక ఆషాఢం వస్తుంది చూడు, వీధి తలుపు తీసే ఉంటుంది, లోపలికి వచ్చే దాత ఉండడు. పండగల్లేవు, పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు, కాబట్టి దానాలూ లేవు. పెళ్ళిళ్ళు లేకపోతే వడ్డనవాళ్ళకు కూలీ ఉండదు. అద్దె గదులు ఖాళీ చేసి వాళ్ళంతా సత్రానికే వస్తారు. అంటే మనుషులు ఎక్కువైన నెలలోనే అన్నం తక్కువ. మూఢం వస్తే కూడా ఇదే తంతు. శుక్రుడు కనబడకపోతే రాజమండ్రిలో ఎంతమంది ఆకలితో పడుకుంటారో ఏ సిద్ధాంతీ గుణించి చెప్పలేదు.

దుప్పట్లు కూడా అంతే. మన గోదావరి జిల్లాల్లో చలి ఎన్ని రోజులు? మా బీరువాలో దుప్పట్లు దొంతరలుగా ఉన్నాయి. మే నెలలో రేకుల వరండాలో పడుకునేవాళ్ళకు కావలసింది ఫ్యాను, దోమతెర, ఉతుక్కోవడానికి ఇంకో లుంగీ. ఆడవాళ్ళకు లోదుస్తులు, నెలసరి ప్యాడ్లు. గోళ్ళు కత్తిరించుకునే కట్టరు, గడ్డం బ్లేడు, సబ్బు ముక్క, సంచికి వేసుకోవడానికి చిన్న తాళం. తాళం అంటే నవ్వకు. ఇల్లు లేనివాడికి తాళం ఎందుకని నేనూ మొదట అనుకున్నాను. ఉన్నదంతా ఒక సంచిలో ఉన్నవాడికి తాళం ఇంకెంత అవసరమో ఆలోచించు. ఇంతవరకూ తాళాలు దానం చేసినవారు ఒక్కరే, ఆయనది ఇనప సామాన్ల కొట్టు.

సరే, నాలుగేళ్ళ కిందటి సంగతికి వస్తాను.

నేను రిటైరై అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టిన తొలి ఏడాది అది. మీ తాతగారి ఆబ్దికం అయిన మర్నాడు షెల్టరులో భోజనాలు పెట్టాను. నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వే డబ్బు పంపావు. అరవైమందికి పులిహోర, బొబ్బట్లు, పెరుగన్నం. నేను వెళ్ళేసరికి ఒక నాయకుడి పుట్టినరోజని బిర్యానీ వచ్చి ఉంది. నా వెనకే ఒక నగల దుకాణం వార్షికోత్సవమట, టిఫిన్ల పెట్టెలు దిగాయి. ఆ రోజు లోపల ఉన్నది నలభై ఒక్కమంది. మూడు వంటలు కలిపి రెండువందల మందికి సరిపోతాయి. ఫొటోల కోసం మూడుసార్లు వరసలో కూర్చోబెట్టారు. ఒక పెద్దాయన నన్ను చాలా మర్యాదగా, "ఇది తినడానికా అండీ, ఫొటోకా?" అని అడిగాడు. ఎగతాళి లేదు, నిజంగానే తెలియక అడిగాడు. సాయంత్రానికి పులిహోర పులిసిపోతే వెనక పశువులకు వేశారు. మర్నాడు ఎవరూ రాలేదు. కేర్‌టేకరు సొంత డబ్బుతో బ్రెడ్డు తెచ్చి రాత్రి గడిపాడు.

ఇంతవరకైతే నవ్వుకుని మరచిపోయేవాణ్ణి.

అక్కడ ఒకాయన ఉండేవాడు. అందరూ వడ్డన బాబాయి అనేవారు. కేటరింగు పనికి వెళ్ళేవాడు, అరవై దాటింది. కాలేజీ పిల్లలు వడ్డించడానికి వస్తే ఆయనే నేర్పేవాడు. ఉప్పు, పచ్చడి ముందు, వేడి అన్నం చివర. సాంబారు గరిట ఎత్తి వంచకూడదు, చొక్కా మీద చిందితే ఈయనకు మార్చుకోవడానికి ఇంకో చొక్కా లేదు. ఇంకా వేయనా అని అడగవద్దు, మొహమాటపడి వద్దంటారు, గరిట పట్టుకుని ఆయన ముందు ఒక్క క్షణం ఆగితే చాలు, చెయ్యి అడ్డం పెట్టకపోతే వేసేయాలి. నేను జీవితంలో ఎన్నో పెళ్ళిళ్ళలో తిన్నాను, ఈ ముక్క తెలియదు.

ఆ రోజు నా బొబ్బట్లు ఆయన చేతనే వడ్డించాను. నేను ఫోను పైకెత్తితే ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను, "బాబాయ్, ఇటు చూడండి, కాస్త నవ్వండి" అన్నాను. ఆయన చూశాడు. నవ్వాడు కూడా. పెట్టినవాణ్ణి కదా, ఎలా కాదంటాడు?

ఆ ఫొటో మా పోస్టల్ పెన్షనర్ల గ్రూపులో పెట్టాను. నీకూ పంపాను. నువ్వు "మా నాన్న" అని రాసి నీ స్నేహితులందరికీ చూపించావు. నాకు ఎంత సంబరంగా ఉందో చెప్పలేను. అక్కడి నుంచి అది ఎన్ని చేతులు మారిందో తెలియదు. నాలుగో రోజు రాత్రి వడ్డన బాబాయి సంచి సర్దుకున్నాడు. ఆయన కూతుర్ని తణుకు వైపు ఇచ్చారట. హైదరాబాదులో కేటరింగు కాంట్రాక్టు చేస్తున్నాడని వియ్యాలవారికి చెప్పుకున్నారు. "అల్లుడు ఫోనులో చూశాడట" అని కేర్‌టేకరుతో ఒక్క ముక్క అన్నాడు. తాళం తీసి కేర్‌టేకరు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కాకినాడలో కనిపించాడని ఒకరు, విజయవాడలో అని ఇంకొకరు చెప్పారు. రెండు చోట్లకూ నేను వెళ్ళాను. మీ అమ్మకు బంధువుల ఇంటికని చెప్పాను.

నీది తప్పు కాదు తల్లీ. నేను పంపబట్టి నువ్వు పెట్టావు. నేను ఇన్నాళ్ళు చెప్పకపోవడానికి కారణం కూడా అదే, నీ మనసులో ఆ బరువు వేయడం ఇష్టం లేక. కానీ నువ్వు మళ్ళీ వీడియో అనేసరికి నోటి నుంచి "వద్దు" తప్ప ఇంకే మాటా రాలేదు.

పోస్టాఫీసులో చిరునామాలో మనిషి లేకపోతే పోస్ట్‌మన్ కవరు మీద "లెఫ్ట్" అని రాసి తేదీ వేస్తాడు. అలాంటి కవర్లు నా చేతుల మీదుగా వేలకు వేలు వెనక్కి వెళ్ళాయి. ఎందుకు వెళ్ళాడో రాయడానికి ఆ కవరు మీద చోటు ఉండదు.

ఆయన వెళ్ళిన పదహారో రోజున ఆయన పేర ఆధార్ కార్డు వచ్చింది. ఆ కథ కూడా చెప్పాలి. నా అసలు పని అదే, అన్నం పెట్టడం కాదు. ఇల్లు లేనివాడికి ఆకలి కంటే పెద్ద చిక్కు చిరునామా. బ్యాంకువాడు ఆధార్ అడుగుతాడు, ఆధార్‌కు చిరునామా కావాలి, చిరునామాకు ఇల్లు కావాలి. అయితే గుర్తింపు ఉన్న షెల్టరు నిర్వాహకుడు నిర్ణీత నమూనాలో సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రం చిరునామాకు రుజువుగా చెల్లుతుంది. ఈ ముక్క షెల్టరులో ఎవరికీ తెలియదు. తెలిసినా ఆ ఫారం తెచ్చి, ఫొటో అంటించి, సంతకం పెట్టించి, ఆధార్ కేంద్రంలో వరసలో నిలబడే తీరిక ఎవరికీ లేదు. నాకు ఉంది. ఓటు కూడా అంతే. ఇల్లు లేనివారు ఓటరుగా చేరే ఫారం 6లో తాము పడుకునే చోటే రాయవచ్చు. బూత్ అధికారి ఒకటికి రెండు రాత్రులు వచ్చి, నిజంగానే ఆ మనిషి అక్కడ పడుకుంటున్నాడని చూసుకుంటే చాలు, వేరే కాగితం అక్కర్లేదు. ఎంత మంచి నిబంధనో చూడు. రాత్రి పదింటికి ఆ అధికారిని తీసుకువచ్చి టీ ఇప్పించి, ఇదిగో ఈయనే అని చూపించే మనిషి ఒకడు ఉండాలి, అంతే.

పింఛను మరీ విచిత్రం. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, ఒకటో తారీఖున ఇంటి గడప దగ్గరికే తెచ్చి ఇస్తారు. గడప ఉన్నవాడికి ఇది ఎంత సుఖమో, లేనివాడికి అంత చిక్కు. ఊరు విడిచి వచ్చిన ముసలాయన పేరు ఎక్కడో సొంత ఊరి కార్డులో కొడుకు కుటుంబంతో ముడిపడి ఉంటుంది. దాన్ని విడదీసి ఇక్కడికి మార్చాలంటే ఎన్నిసార్లు తిరగాలో నువ్వు ఊహించలేవు. ఇప్పటికి పదకొండుమందికి చేయగలిగాను. ఒక్కొక్కరికి మూడు నాలుగు నెలలు పట్టింది. తాపీపని చేసినవాళ్ళ వేలిముద్రలు అరిగిపోయి యంత్రానికి అందవు. పది వేళ్ళూ ఒకటొకటిగా పెట్టించి, కొబ్బరినూనె రాయించి, తుడిపించి మళ్ళీ పెట్టించాలి. ఒకాయనకు ఎడమచేతి చిటికెన వేలు పలికింది. ఆ రోజు ఇద్దరం మిఠాయి తిన్నాం.

నాతో పాటు వచ్చేవాళ్ళ గురించి కూడా తెలుసుకో. మంగలి అతను ఒకడున్నాడు. మంగళవారం సెలూన్‌కు సెలవు కనుక ఆ రోజు వచ్చి ఉచితంగా క్షవరం చేస్తానన్నాడు. తీరా కత్తెర తీసేసరికి ముసలివాళ్ళంతా "మంగళవారం క్షవరమేమిటి నాయనా" అని గోడ వైపు తిరిగి కూర్చున్నారు. కూడూ గూడూ లేకపోయినా శాస్త్రం ఉంటుంది మరి. ఇప్పుడు బుధవారం కొట్టు కట్టేశాక రాత్రి తొమ్మిదిన్నరకు వస్తున్నాడు. పగలంతా నిలబడిన కాళ్ళతో మళ్ళీ రెండు గంటలు నిలబడతాడు. ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మగారు ఒకరు శనివారాలు వచ్చి పుళ్ళకు కట్లు మారుస్తారు, చక్కెర పరీక్ష చేస్తారు. ఆవిడకు కోపం జాస్తి, అందరూ భయపడతారు, అందరూ ఆవిడ కోసమే ఎదురుచూస్తారు. ఇడ్లీబండి నడిపే ఆమె నెలలో రెండో గురువారం ఎనభై ఇడ్లీలు పంపుతుంది. మూడేళ్ళలో ఒక్కసారి తప్పింది, ఆమెకు మనవరాలు పుట్టిన రోజు, అప్పుడు కూడా ముందు రోజే కబురు పంపింది. కాలేజీలో సేవా పథకం, అదే ఎన్ఎస్ఎస్ పిల్లలు నలభైమంది బ్యానరుతో వచ్చి, ఒక గోడకు రంగు వేసి, ఫొటో దిగి వెళ్ళారు. వాళ్ళలో ఒకమ్మాయి మరుసటి వారం బ్యానరు లేకుండా వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్ దరఖాస్తులన్నీ ఆమే పూర్తి చేస్తుంది. నా కళ్ళకు ఆ తెర మీద అక్షరాలు ఆనడం లేదు.

రెండేళ్ళ కిందట రైలు దిగి తప్పిపోయి వచ్చిన ఒకావిడను పోలీసులు తెచ్చి అప్పగించారు. తెలుగు రాదు, మనసు సరిగ్గా లేదు, పేరు చెప్పదు. నర్సమ్మగారు వారం రోజులు కనిపెట్టుకుని ఉండి ఆసుపత్రిలో మందులు మొదలుపెట్టించారు. కాస్త తేరుకున్నాక ఒక ఊరి పేరు పదే పదే అనేది. భాష ఒరియా అని రైల్వేలో పనిచేసే ఒకాయన పోల్చుకున్నాడు. ఒరిస్సా పిన్‌కోడ్లు 75, 76, 77తో మొదలవుతాయి. మన లైను మీద రైలెక్కి వచ్చిందంటే గంజాం వైపు అయి ఉండాలి కదా అని 76తో మొదలుపెట్టి వెతికితే, ఆ పేరున్న పల్లె పోస్టాఫీసులు మూడు దొరికాయి. మూడింటికీ ఫోన్లు సంపాదించాం. రెండోచోట బ్రాంచి పోస్టుమాస్టరు ఆవిడ ఫొటో చూసి, కాసేపు మాట్లాడకుండా ఉండి, "మా పక్క వీధి" అన్నాడు. ఆ ఫొటో పంపింది ఆయన ఒక్కడికే, చూశాక తీసేయమని చెప్పి మరీ. మూడో రోజున తమ్ముడు వచ్చాడు. అక్కయ్యను చూడగానే కాళ్ళ దగ్గర కూర్చుని, ఆమె కాలికి చెప్పులు లేకపోవడం చూసి, తన చెప్పులు విప్పి తొడిగాడు. అవి ఆమెకు చాలా పెద్దవి. అలాగే ఈడ్చుకుంటూ స్టేషనుకు నడిచింది. ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో బట్వాడా చేసినవన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

మీ అమ్మ వాదం కూడా రాయకపోతే అన్యాయం. "డొక్కా సీతమ్మగారు ఇలాగే రిజిస్టరు చూసి, ఈ రోజు మీ వంతు కాదని పంపేశారా?" అంటుంది. నిజమే, కోనసీమ ఆడపడుచు కనుక ఆమెకు ఆ పేరెత్తే హక్కు ఉంది. కానీ నాకు తెలిసినంతవరకు సీతమ్మగారి గొప్పతనం ఎక్కడుందంటే, లంకల గన్నవరంలో ఏరు దాటి ఏ వేళలో వచ్చినవారికైనా ఆ ఇంట్లో అన్నం ఉండేది. 1909లో ఆవిడ పోయేవరకూ ఆ పొయ్యి ఆరలేదు. పుట్టినరోజులకూ తద్దినాలకూ మాత్రమే వండి ఉంటే ఇవాళ అక్కడి అక్వెడక్టుకు, అదే ఏటి మీదుగా కాలువను దాటించే వంతెనకు, ఆవిడ పేరు ఉండేది కాదు. ఒక్క ఇల్లాలు చేయగలిగినదాన్ని మేం ముప్పైమందిమి పంచుకుని, అదీ రిజిస్టరు పెట్టుకుని, కిందామీదా పడి చేస్తున్నాం. ఈ మాట అంటే మీ అమ్మ జవాబివ్వలేదు. కాఫీ మాత్రం ఇచ్చింది.

ఆ రిజిస్టరు నేనే గీశాను. నెలకు ముప్పై గళ్ళు, ఒక్కో గడికి ఒక పేరు. దాతలు వచ్చి ఫలానా రోజు ఘనంగా చేస్తామంటే, ఘనంగా వద్దు, ప్రతి నెలా అదే తారీఖున పప్పన్నం పెట్టండి అంటాం. సగంమంది మళ్ళీ కనబడరు. రాత్రి తొమ్మిది దాటాక పెళ్ళిళ్ళలో మిగిలింది తీసుకోం, నిద్రపోయినవాళ్ళను లేపి చద్దిది పెట్టడం అన్నదానం కాదని నర్సమ్మగారి శాసనం. వరండా దాటాక ఫోను బయటకు తీయకూడదన్నది నా నియమం. కారణం చెప్పమంటే చెప్పను. ఇప్పుడు నీకొక్కదానికే చెప్పాను.

కాబట్టి చిన్నవాడి పుట్టినరోజుకు ఏం చేయాలో నేను అడుగుతున్నాను, విను. దగ్గరి చూపు కళ్ళజోళ్ళు ముప్పై పంపు. రెండు పాయింట్లవి, రెండున్నరవి ఎక్కువ, ఒకటిన్నరవి కొన్ని చాలు. అక్కడ పేపరు చదవాలని ఉండి, చదవలేక, చదువు రాదని చెప్పుకుంటున్నవాళ్ళు కనీసం అరడజనుమంది ఉన్నారు. ఒకాయన నా కళ్ళజోడు తీసుకుని పెట్టుకుని పంచాంగం గడగడా చదివాక ఈ సంగతి బయటపడింది. ఇంకొకటి, రిజిస్టరులో ఆషాఢంలో తొమ్మిది గళ్ళు ఇంకా ఖాళీగా ఉన్నాయి. వాటిలో రెండు నీ పేర రాసుకుంటాను. ఈ ఏడాదే కాదు, ప్రతి ఏడాదీ. చేయలేనిది ఒప్పుకోవద్దు, ఒప్పుకున్నాక తప్పవద్దు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు చిన్నవాణ్ణి నాతో తీసుకువెళతాను, ఫారాలకు జిగురు రాస్తాడు. వాడికి జిగురంటే ప్రాణం కదా.

వడ్డన బాబాయి ఆధార్ కవరు నా బల్ల సొరుగులోనే ఉంది. శాఖ నియమం ప్రకారం ఎప్పుడో వెనక్కి పంపాలి. ఎవరిదో తెలియనప్పుడు, ఎక్కడున్నాడో తెలియనప్పుడు నేను ఎన్నడూ ఉంచలేదు, అన్నీ పంపేశాను. ఇదొక్కటే ఉంచాను. ఇంకా ఎన్నాళ్ళు అని మీ అమ్మ అడిగితే, ఉద్యోగంలో ఉన్నప్పుడు గడువు ఉండేది, ఇప్పుడు లేదన్నాను. తాళం కూడా ఆ సొరుగులోనే ఉంది.

ఇంకో చిన్న పని ఉంది. పోస్ట్‌మన్ మా సత్రం వీధికి పదకొండున్నర ప్రాంతంలో వస్తాడు. ఆధార్ కార్డులు రావడం మొదలైనప్పటి నుంచి, ఆ వేళకు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు ఊరికే వరండాలోకి వచ్చి నిలబడుతున్నారు. వాళ్ళకు రావలసిన ఉత్తరాలేమీ లేవు. సైకిలు దాటి వెళ్ళిపోయాక ఎవరి పని మీద వాళ్ళు వెళతారు. చిన్నవాడు ఇప్పుడు అక్షరాలు రాస్తున్నాడు కదా, వాడి చేత ఒక కార్డు రాయించు. ఏనుగు బొమ్మ వేసినా సరే. పోస్టుకార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. అక్కడ దొరకకపోతే చెప్పు, నా దగ్గర ఒక కట్ట ఉంది, పంపుతాను. ఎవరి పేరు రాయాలని వాడు అడిగితే, తాతలకు అని రాయమను. పిన్‌కోడు 533101. అంకెలు గడుల్లో విడివిడిగా వేయించు, ఒకదాని మీద ఒకటి ఎక్కితే మావాళ్ళు తిట్టుకుంటారు.

మీ అమ్మ ఈసారి మాగాయ కాస్త ఎక్కువే పెట్టింది, నీకు రెండు సీసాలు. అల్లుడుగారికి నమస్కారాలు చెప్పు.

నాన్న